ఆర్నెల్లే అన్నాడు

మా అత్త పోయిందన్న కబురు పోయిన నెలలో ఒక సోమవారం, ప్రార్థన గంట కొడుతుండగా బడికి వచ్చింది. తెచ్చినవాడు అత్త కొడుకు, మా బావ. వరండాలో నిలబడి, "ఒడ్డున తట్ట దింపి అలగే కూకుండిపోయింది. మరి లెగనేదు" అన్నాడు. అప్పుడు నేనడిగిన మొదటి మాట తలచుకుంటే నాకే సిగ్గేస్తుంది. "బావా, పన్ను ఉందా?" అన్నాను. బావ కోప్పడలేదు. కళ్ళు తుడుచుకుని, "ఉంది. సూసీసినాను" అన్నాడు. ఆ పన్ను సంగతి మా ఇంట్లో తెలియనివాళ్ళు లేరు.

చదివేవాళ్ళకు తెలియదు కనుక చెబుతాను. అత్త అంటే మా నాన్నకి అక్క, జాలరిపేట మనిషి. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మేది. ఆడపిల్లనైన నేను టీచర్ ట్రైనింగ్ చదవగలిగానంటే ఆ తట్ట చలవే. మంచి మనిషి. కానీ ఎవరైనా ఒక మాట అంటే మరిచిపోయే రకం కాదు. నాకూ ఆ గుణమే వచ్చింది. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నదీ అందుకే.

డెబ్బైల్లో, కొత్త హార్బరు కడుతున్న రోజుల్లో, అత్తకి కింది దవడ పన్ను పుచ్చింది. వారం రోజులు లవంగం నూనె దూది పెట్టుకుని ఓర్చుకుంది. ఇక తట్టుకోలేక నన్ను వెంటబెట్టుకుని ఊళ్ళో పెద్ద పళ్ళ డాక్టరు దగ్గరికి బయలుదేరింది. ఆయన పేరు నేను రాయను. అంత మర్యాద ఆయనకి అక్కర్లేదు.

తట్ట గుమ్మం బయట పెట్టమన్నారు, పెట్టాం. బెంచీ మీద కాదు, కింద కూర్చోమన్నారు, కూర్చున్నాం. మాకంటే ముందు ఒక ఆఫీసరు గారి భార్యకి పన్నులో సిమెంటు పెట్టాడు. మధ్యలో ఉన్నది ఒక్క తెరే కాబట్టి మాటలన్నీ మాకు వినిపించాయి. "ఈ రోజంతా ఆ వైపు నమలకండమ్మా. గట్టివి కొరకకండి. జీళ్ళూ అవీ వద్దు. తిన్న ప్రతిసారీ పుక్కిలించండి. రెండు పూటలా మెత్తటి బ్రష్‌తో తోముకోండి. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోండి. జాగ్రత్తగా చూసుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది." తేనె ఒలకబోసినట్టు చెప్పాడు.

తరవాత అత్త వంతు. సిమెంటు బాగానే పెట్టాడు, కాదనను. అయ్యాక అత్త దవడ పట్టుకుని, "నాకేటీ సెప్పరా బాబూ?" అని అడిగింది. ఆయన చేతులు కడుక్కుంటూ, తెర అవతలివాళ్ళకి కూడా వినపడేలా అన్నాడు: "నీకు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకునే జాతి మీది. ఆర్నెల్లుంటే గొప్ప. ఊడిపోయాక రా, పీకేస్తాను."

బెంచీ మీదవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో అడగకండి. ఆ చేపల వాసన నాది కాదని వాళ్ళకి చూపించుకోవాలనిపించింది కాబోలు. అత్త నా వంక ఒక్కసారి చూసి, తట్ట ఎత్తుకుని నడిచింది. ఇల్లు చేరాక అంది: "నోరు నాది, మాట ఆడిది. ఏది నిలబడతాదో సూద్దాం. తప్పని ఆడి నోటితో ఆడే అనాల. అదీ పదిమంది ముందర."

చుట్ట గురించి కాస్త చెప్పాలి. మా వైపు ఆడవాళ్ళు చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. సముద్రపు గాలికి ఆరిపోదు, చేతులు పని చేసుకోవచ్చు. దాన్ని అడ్డపొగ అంటారు. అత్త చిన్నప్పటి నుంచీ అలాగే కాల్చేది. మర్నాడు చుట్టని తిరగేసి, మగాళ్ళలా నిప్పు బయటికి పెట్టి కాల్చింది. పేటంతా పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓలమ్మో, మీసాలెప్పుడు మొలిసినాయే నీకు!" అని పక్కింటి ముసలమ్మ ఏడిపించింది. రెండు నెలలు ఆ వెక్కిరింత భరించి, చివరికి చుట్టే మానేసింది.

డాక్టరు ఆఫీసరమ్మకి చెప్పిన మాటలన్నీ అత్త దొంగిలించి తెచ్చుకుంది. వల దారం పళ్ళతో తెంపే అలవాటు మానేసి నడుముకి చిన్న కత్తి దోపుకుంది. ఎండు చేప కొరకడం మానేసింది. టీ తాగినా వీధి కుళాయి దగ్గర ఆగి పుక్కిలించేది. నా చేత బ్రష్ కొనిపించి, నగ దాచుకున్నట్టు గుడ్డలో చుట్టి దాచుకుంది. ఒకటే పొరపాటు చేసింది. ఆ వైపు నమలొద్దన్నది ఒక్క రోజుకేనన్న సంగతి పట్టించుకోలేదు, నెలల తరబడి రెండో వైపే నమిలింది. ఆ దవడ కూడా వాచాక నేను చెబితే, "నాకు నోరిప్పి సెప్పుంటే ఇలగయ్యేదేటి?" అని డాక్టర్నే తిట్టింది. న్యాయమైన తిట్టు.

సరిగ్గా ఆరు నెలలు నిండిన రోజున మళ్ళీ వెళ్ళింది. "నువ్వూ రా గుంటా, ఆ రోజు నవ్వినావు కదా" అని నన్ను ఈడ్చుకెళ్ళింది. ఈసారి తట్ట గుమ్మం లోపల పెట్టి, తను బెంచీ మీద కూర్చుంది. వంతు రాగానే నోరు తెరిచి, "సూడండి బాబూ. ఉందా, ఊడిందా?" అంది. ఆయన అద్దం పెట్టి చూసి "ఉంది" అన్నాడు. "మరి ఆ రోజు ఏటన్నారు?" అంటే, "తరవాతివాళ్ళు రండి" అన్నాడు.

ఆ తరవాత పదమూడేళ్ళు, ఆర్నెల్లకోసారి ఇదే తంతు. నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. నన్ను మాత్రం వదల్లేదు. ఒకసారి సిమెంటు అంచు పెచ్చు లేచిందని ఆయనే సరిచేశాడు. అత్త నోట్లో అద్దం ఉండగానే, "గుంటా, కావాలని ఊడగొడతాడేమో, కాపు కాయి" అంది. అన్నేళ్ళలో "ఉంది" అన్న మాట తప్ప ఆయన నోట ఇంకోటి రాలేదు. ఒకసారి విసుగొచ్చి, "పోనీలే అత్తా" అన్నాను. "నీకు పోతే పోనీ. నాకు పోదు" అంది. ఆ రోజు నవ్వడం తప్పని నేను కూడా ఒక్కసారైనా ఆవిడతో అనలేదు. ఎప్పుడైనా చెప్పొచ్చులే అనుకున్నాను.

దినం కాకముందే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గది నిండా జనం. ఆయన జుట్టు పూర్తిగా నెరిసింది. "మా అత్త పోయింది. సిమెంటు ఉంది" అన్నాను, అందరికీ వినపడేలా. ఆయన చేతిలో పనిముట్టు పక్కన పెట్టాడు. తరవాత, "అంత బాగా కాపాడుకున్న మనిషిని నేను చూడలేదమ్మా. వచ్చినవాళ్ళందరికీ ఆవిడ సంగతే చెబుతాను" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అందరికీ చెబుతారా? ఆవిడకి చెప్పడానికి నోరు రాలేదా?"

"చెబితే రావడం మానేస్తుందేమో అనుకున్నాను. రాకపోతే ఆ పన్ను పోయేది."

అది నిజమో, అప్పటికప్పుడు అల్లిన సాకో నాకు తెలియదు. నిజమైనా క్షమించను. పన్ను నిలిచింది అత్త పంతం వల్ల. దాంట్లో ఆయనకి వాటా ఇవ్వను. "ఇప్పుడు ఎలాగూ రాదు కదండీ. మీరే రండి" అన్నాను.

వచ్చాడు. అది ఒప్పుకోవాలి. పదకొండో రోజు పొద్దున్న, బూట్లతో ఇసకలో తడబడుతూ వచ్చాడు. పేట ఆడవాళ్ళంతా పడవల నీడన కూర్చుని ఉన్నారు. ముందు నేనే లేచి, ఆ రోజు నేనూ నవ్వానని చెప్పాను. పక్కింటి ముసలమ్మ పక్కకి తిరిగి తుపుక్కున ఉమ్మింది. నాకు తగిందే.

డాక్టర్ని కూర్చోమని ఎవరూ అనలేదు. ఆయన నిలబడే, "ఆ రోజు నేనన్నది తప్పు" అన్నాడు.

ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఇనబళ్ళేదు బాబూ. సముద్రం గోల."

ఆయన గొంతు పెంచాడు. "ఆర్నెల్లుంటే గొప్ప అన్నాను. తప్పు నాది."

"మాకిక్కడికి రానేదు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

మూడోసారి మెడ నరాలు ఉబ్బేలా కేకేశాడు. ఒక్కరూ తల ఊపలేదు. ముసలమ్మ చెయ్యి చెవి దగ్గరే ఉంది.

"ఇంకోపాలి, బాబూ."