శుక్రవారం కవరు

మా మామగారు పోయారు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, తన గదిలో బల్ల ముందు కూర్చుని, భూతద్దం చేతిలో ఉండగానే ప్రాణం పోయింది. టిఫిన్‌కి పిలుద్దామని వెళ్లాను. నడి ఎండాకాలం, గదిలో ఫ్యాను ఆపేసి ఉంది. నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది చిరాకే. "ఇంత ఉక్కలో మళ్లీ ఫ్యాను ఆపుకుని కూర్చున్నారేంటండీ" అని గుమ్మంలోంచే విసుక్కున్నాను. ఆయన పలకలేదు.

ఫ్యాను ఎందుకు ఆపేవారో చెప్పాలి. ఆయన సేకరించేది పాత అమెరికా కవర్లు. స్టాంపులు కాదు, కవర్లు. ఎవరైనా స్టాంపులన్నారంటే ఆయనకు ఒళ్లు మండేది. కవరు మీది స్టాంపును నీళ్లలో నానబెట్టి ఊడదీసేవాళ్లను అసలు మనుషుల్లోనే లెక్కవేసేవారు కాదు. చిరునామా, స్టాంపు, దాని మీద పడ్డ ముద్ర, ఏ ఊళ్ల మీదుగా వచ్చిందో చెప్పే వెనకవైపు ముద్రలు, అన్నీ ఉంటేనే అది కవరు. వాటిని బల్ల మీద పరిస్తే గాలి తగలకూడదు. కాఫీ గ్లాసు గుమ్మం దాటకూడదు. మియాపూర్‌లో మాది చివరి అంతస్తు. మధ్యాహ్నానికి గది కుంపటిలా అయ్యేది. అయినా సరే, ఫ్యాను వేస్తే ఊరుకునేవారు కాదు.

ఆయనది ఒంగోలు. పూర్వం అక్కడ అమెరికా మిషనరీలు ఉండేవారు. కుర్రతనంలో ఒక పాత కాగితాల కొట్లో ఆయనకు ఒక కవరు దొరికిందట. డకోటా ఇంకా రాష్ట్రం కాకముందు, డకోటా టెరిటరీ అని పిలిచే రోజుల్లో, అక్కడినుంచి ఎవరో ఒంగోలు దొరగారికి పంపినది. లోపల ఉత్తరం లేదు, ఉత్త కవరు. అదే ఆయన్ని పట్టుకుంది. ఇరిగేషన్ శాఖలో ఉద్యోగం చేస్తూనే అమెరికాలో కవర్లు సేకరించేవాళ్లకు ఉత్తరాలు రాసి, నిజాం కాలం నాటి కవర్లు ఇచ్చి, టెరిటరీ కవర్లు తెప్పించుకున్నారు. రిటైరై, అత్తగారు పోయాక పెట్టెలతో సహా మా ఇంటికి వచ్చారు. వచ్చిన రోజు ఆయన బట్టలు ఒక సంచిలో ఉన్నాయి, కవర్లు మూడు ట్రంకుపెట్టెల్లో.

అప్పుడే నాకు హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో ఇంటర్నెట్ ఉందని తెలిసిన మరుక్షణం నేను ఆయన గుమాస్తానైపోయాను. వాళ్లలో బాగా దగ్గరైన ఒక అమెరికా మిత్రుడికి ఆయన చెప్పే ఈమెయిలు "క్షేమము, క్షేమమునకు ప్రత్యుత్తరము కోరుచున్నాను" అన్న ధోరణిలో మొదలై రెండు పేజీలు సాగేది. అవతల నుంచి కవర్ల బొమ్మలు వచ్చేవి. ఒక్కో బొమ్మ తెర మీదికి దిగేలోపు మా మేనేజరు రెండుసార్లు నా వెనక నుంచి నడిచి వెళ్లేవాడు.

అది చాలదన్నట్టు శుక్రవారం డ్యూటీ ఒకటి. ప్రతి శుక్రవారం నేను ఖాజాగూడ ఊళ్లోకి వెళ్లి, అక్కడి చిన్న పోస్టాఫీసులో ఆయన పేర ఒక ఉత్త కవరు వేయాలి. ముద్ర చక్కగా పడేందుకు లోపల ఒక అట్టముక్క, వెనకవైపు నా ఆఫీసు చిరునామా.

"ఆఫీసు పక్కనే పోస్టు డబ్బా ఉంది కదండీ మావయ్యగారూ" అన్నాను.

"అమ్మాయ్, ఖాజాగూడ ఇవాళ టెరిటరీ. ఇంకా ఏదీ కాలేదు. రేపు అక్కడి రాళ్ల గుట్టలు పగలగొట్టి భవనాలు కట్టాక ఆ ముద్ర ఉంటుందా?"

మధ్యాహ్నం ఎండలో, భోజనం మానుకుని, ఆటోవాణ్ణి బతిమాలుకుని, ఆ రాళ్ల గుట్టల పక్కనుంచి పోయేదాన్ని. ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అన్న నవ్వేవాడు. "ఇయ్యాల శుక్రవారం గదా మేడం. పోండ్రి, మీ మామ పరేషాన్ అయితడు."

పోస్టాఫీసాయన కవరును నొక్కి చూసేవాడు. "దీంట్ల అట్టముక్క తప్ప ఏం లేదు గదమ్మా. గిట్ల ఉత్తది ఎందుకు పంపుతున్నరు?"

"మా మామగారికి ముద్ర కావాలండి."

"మంచిగనే ఉంది. జర ఆగు, సాఫ్‌గ కొడత."

సాయంత్రం మియాపూర్‌లో బస్సు దిగేసరికి మామగారు స్టాపులో నిలబడి ఉండేవారు. ఎలా ఉన్నావని అడిగేవారు కాదు. "ముద్ర బాగా పడిందా?" అనేవారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. చేతిలో సంచి మాత్రం ఆయనే అందుకునేవారు. కోడలు చీకటి పడ్డాక ఇంటికొస్తుందని చుట్టాలెవరో గొణిగితే, "మెయిలు బండి లేటైతే కంగారుపడతామా? వస్తుంది" అని నోరు మూయించారు. శుక్రవారం కాని రోజుల్లో కూడా ఆయన స్టాపులో ఉండేవారు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు బస్సు దిగితే అక్కడ ఎవరూ ఉండరు, నాకు అదే పెద్ద కష్టంగా ఉంది.

ఆయనకు ఒక్క కొరత ఉండేది. అమెరికా మిత్రుడు పంపిన బొమ్మల్లో మోంటానా టెరిటరీ కవరు ఒకటి ఉంది. బంగారం తవ్వడానికి వెళ్లిన మొగుడికి భార్య పంపినది. అది చేరేసరికే అతను చనిపోయాడు. ఆ మాట కవరు మీదే రాసి, ముద్ర కొట్టి ఆవిడకు తిప్పి పంపారు. ఆ బొమ్మను నా చేత ప్రింటు తీయించి గోడకు అంటించుకున్నారు.

"ఇన్ని ఉన్నాయి గానీ, ఇలాంటిది ఒక్కటీ లేదమ్మాయ్ నా దగ్గర" అని నెలల తరబడి అదే పాట. ఒకరోజు నాకు విసుగొచ్చింది.

"ఆ భార్య గతేమిటో ఎప్పుడైనా ఆలోచించారా మావయ్యగారూ?"

ఆయన భూతద్దం కింద పెట్టారు. "రోజూ ఆలోచిస్తాను. తిరిగొచ్చిన కవరు చేతికిచ్చాక ఆవిడ దాన్ని ఏం చేసి ఉంటుందా అని. చింపలేదు, దాచింది. అంతవరకే మనకు తెలుసు."

పోయిన నెల ఆయన పోయాక ఒంగోలు తీసుకువెళ్లాం. కర్మకాండలన్నీ అక్కడే జరిగాయి. మియాపూర్ ఇంటికి తాళం. తిరిగొచ్చి ఆఫీసుకు వెళ్లిన రోజున నా బల్ల మీద ఒక కవరు ఉంది. నా చేతిరాతే. ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, శుక్రవారం, తిట్టుకుంటూ వేసి వచ్చిన కవరు. ఖాజాగూడ ముద్ర గుండ్రంగా, ఒక్క అక్షరం చెదరకుండా పడింది. మియాపూర్ పోస్టుమాన్ వాచ్‌మన్‌ని అడిగి తెలుసుకున్నట్టున్నాడు. చిరునామా మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత గీసి, "చనిపోయినారు. పంపినవారికి వాపసు" అని రాశాడు. కింద ఇంకో ముద్ర. అదీ చక్కగానే పడింది.

ఆయన ఉంటే ఇల్లంతా పిలిచి చూపించేవారు. అమెరికాకు నాలుగు పేజీల ఈమెయిలు రాయించేవారు. ఆయన మీద కోపంతో పాటే ఏడుపు వచ్చింది. బతికినన్నాళ్లూ దీనికోసం నన్ను వేపుకుతిని, తీరా దొరికాక చూడడానికి లేకుండా పోయారు.

సాయంత్రం ఆ కవరు తీసుకెళ్లి ఆయన బల్ల మీద, గోడమీది మోంటానా బొమ్మకు ఎదురుగా పెట్టాను. గది ఊడ్చాక గాలాడాలని మావారు ఫ్యాను వేసి ఉంచారు. కవరు అంచు లేచింది. వెళ్లి ఫ్యాను ఆపేశాను. ఆయన కుర్చీలో కూర్చుని, భూతద్దం తీసి, ముద్ర మీద పెట్టాను.

మావారు కాఫీ పట్టుకొచ్చారు. "ఇంత ఉక్కలో ఫ్యాను ఆపావేంటి?"

"కాఫీ గుమ్మం బయటే పెట్టండి" అన్నాను.