దారికి అడ్డం వేసిన కొమ్మ

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా కొండెక్కాను. కిరందుల్‌లో మా ఇనుప గని క్వార్టర్ల వెనకే ఉంటుంది ఆ కొండ. మొదట్లోనే దారి రెండుగా చీలుతుంది. ఎడమ దారిన ఎక్కి, కొండ నెత్తి మీదుగా నడిచి, కుడి దారిన దిగితే మళ్లీ ఆ చీలిక దగ్గరికే వస్తాం. ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఈ ఊళ్లోనే టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆ చుట్టు దారిలో ఇప్పటికీ ఒక్కదాన్నే నడుస్తాను. తోడు రమ్మంటే ఎవరూ రారు, వచ్చినా వాళ్ల వాగుడు నాకు పడదు.

ఆ రోజు నా కోపమంతా అమ్మ మీద. కాన్పుకని విజయనగరం పోతూ తమ్ముణ్ణి చంకనేసుకుని వెళ్లింది, బడి పోతుందని నన్ను వదిలేసింది. నాన్న గనిలో షిఫ్టుకు పోతే ఇల్లు బావురుమనేది. పక్కింటి అక్కే అన్నం పెట్టేది, తల దువ్వేది. ఆమెది ఆవపల్లి వైపు అడవి పల్లె. ఎంత ప్రేమగా పెట్టినా నేను మూతి ముడుచుకునే తినేదాన్ని. నేను ఎటైనా పోతే వెతికే దిక్కు కూడా లేదని గట్టిగా నమ్మాను. సరే, పోయి చూపిస్తాననుకున్నాను.

అంతకు ముందు పుట్టగొడుగులకని అడవికి తీసుకెళ్లినప్పుడు అక్క ఒక సంగతి చెప్పింది. దారి చీలిన చోట ముందు వెళ్లినవాళ్లు ఆకులున్న కొమ్మ విరిచి వేస్తారట, వెనక వచ్చేవాళ్లకు తెలియడానికి. మిగతాది నేను వినిపించుకోలేదు. ఆ ఆదివారం ఒక తునికి కొమ్మ విరిచి, నేను ఎక్కబోయే ఎడమ దారికే అడ్డంగా పడేసి, దాన్ని దాటుకుని దర్జాగా పైకి పోయాను.

కొండ నెత్తిన ఎర్రరాళ్ల మధ్య కాలు పడి మడమ బెణికింది. నిలబడదామంటే ప్రాణం పోతోంది. కింద మా క్వార్టర్లన్నీ కనబడుతున్నాయి, పిలిస్తే పలికే మనిషి మాత్రం లేడు. అరిచి అరిచి గొంతు పోయింది. పొద్దు పడమటికి వాలింది. అప్పుడు కింద చీలిక దగ్గర అక్క నీలం చీర కనబడింది. అన్నానికి రాలేదని వెతుక్కుంటూ వచ్చి, పేరు పెట్టి పిలుస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె కొమ్మ దగ్గర ఆగింది, వంగి చూసింది, గబగబా కుడి దారి పట్టి పోయింది. ఎదురుగాలికి నా కేక ఆమెకు అందలేదు. నీలం చీర చెట్లలో కలిసిపోయింది.

నన్ను వద్దనుకునే అటు పోయిందనుకున్నాను. అలాంటి ఒంటరితనం మళ్లీ ఒక్కసారే ఎరుగుదును, మా ఆయన పోయిన రోజు.

గంట తరువాత అక్క నా వెనకవైపు నుంచి వచ్చింది. చుట్టు దారి కాబట్టి వచ్చింది, లేకపోతే ఏమయ్యేదో. ఒళ్లంతా ముళ్ల గీరలు, పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది. ఒక్క మాట తిట్టలేదు. కొంగు చింపి మడమకు కట్టి, నన్ను వీపున ఎక్కించుకుని ఎడమ దారిన దిగింది. చీలిక దగ్గర నన్ను దింపి కొమ్మ చూపించింది.

“ఏంది పిల్లా, ఇది నువ్వేసినవా?”

ఔనన్నాను.

“అడ్డమేస్తే ఈ తొవ్వల ఎవ్వలూ పోలేదని లెక్క. నువ్వు పోని తొవ్వకు ఎయ్యాలె.” కొమ్మను కాలితో కదిపి అడిగింది. “ఎవ్వలూ రావొద్దనే గద పోయినవ్. మరి కొమ్మ ఎవలి కోసమేసినవ్?”

ఆమె మెడలో మొహం దాచుకుని ఏడ్చాను. ఇంకెవరైనా తప్పు దారి పడతారని నా చేతే ఆ కొమ్మ తీయించి పొదల్లో వేయించింది. అమ్మ తిరిగి వచ్చాక కూడా చాలా రోజులు నేను అక్క దగ్గరే అన్నం తిన్నాను.

తరువాత ఆమె తన ఊరికి వెళ్లిపోయింది. చనిపోయిందన్న కబురు కూడా నాకు కొన్ని నెలలు ఆలస్యంగా చేరింది.

ఇప్పుడు చీలిక దగ్గర కొమ్మ విరిచి కుడి దారికి అడ్డం వేసి, ఎడమ దారిన ఎక్కుతాను. వెనక వచ్చేవాళ్లు ఎవరూ లేరని తెలిసే వేస్తాను. చుట్టి దిగేసరికి నా కొమ్మే నాకు ఎదురవుతుంది, ఆకులు అప్పటికే వాడి ఉంటాయి. దాన్ని పక్కకు తీసి, ఎడమ దారి వైపు ఒకసారి చూసి, ఇంటికి వస్తాను.