తూర్పు వాకిలి

దయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. మనుషుల్నే నమ్మడం మానేసి చాలా కాలమైంది, ఇక దయ్యాలదేముంది? తొమ్మిదో తరగతిలో చదువుకి దండం పెట్టి గరిటె పట్టినవాణ్ణి. జరిగింది జరిగినట్టు చెబుతాను, అర్థం మాత్రం అడగొద్దు.

అక్క స్పాన్సర్ చేస్తే వర్జీనియా వచ్చాను. హెర్న్‌డన్‌లో ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వంట చేస్తాను. బావ సాఫ్ట్‌వేర్ మేనేజరు. ఊరవతల ఒక పాత చర్చి అమ్మకానికొస్తే, ఇల్లు చేసుకుందామని కొన్నాడు. ఇంగ్లండ్ రాజుల కాలంలో అక్కడి పల్లెటూరి చర్చిల పద్ధతిలో కట్టిందట. మందపాటి ఎర్రిటుక గోడలు, నిలువెత్తు వంపు కిటికీలు, కుటుంబానికొకటి చొప్పున చిన్న తలుపులున్న చెక్క గళ్ళల్లో బెంచీలు. వాకిలి పడమరకి, బలిపీఠం తూర్పు గోడకి. నేల పలకల మీద అరిగిపోయిన పేర్లు. అవి సమాధి రాళ్ళు. బావ వాటి మీద కార్పెట్ పరిపించాడు.

పడమటి వాకిలి వాస్తుకి పనికిరాదన్నాడు. బలిపీఠం తీయించి, తూర్పు గోడ పగలగొట్టించి, అక్కడ సింహద్వారం పెట్టించాడు. గడపకి అక్క పసుపు రాసింది.

పక్క పొలం ముసలావిడ చూడ్డానికొచ్చి కొయ్యబారిపోయింది. ఆ చర్చిల్లో పోయినవాళ్ళని తల పడమరకి, కాళ్ళు తూర్పుకి పెట్టి పూడ్చేవాళ్ళట. లోకానికి ఆఖరి రోజున లేచి నిలబడితే ముఖం తూర్పుకే ఉండాలని. ఇన్నాళ్ళూ వాళ్ళకి ఎదురుగా గోడ ఉండేది, మీరు తలుపు పెట్టారు అంది.

"అంటే వాళ్ళకి కూడా నేనే వాస్తు సెట్ చేశానన్నమాట" అన్నాడు బావ తెలుగులో. నేనూ నవ్వాను. మంచి జోకే మరి.

ముగ్గురం అందులోకి మారాం, గదులు ఇంకా కట్టలేదు. బావ గురక భరించలేక అక్క ఒకప్పుడు పాస్టరు బట్టలు మార్చుకున్న చిన్న గదిలో పడుకునేది. నేను హాలు లోపలే పైనున్న బాల్కనీలో. బావ మంచం కింద హాల్లో, ఆ కార్పెట్ మీదే, తల తూర్పుకి.

మొదటి ఉదయం కిందికి దిగేసరికి బావ తలగడ మీద తల లేదు, కాళ్ళున్నాయి. మనిషి మొత్తం తిరిగిపోయి, నిటారుగా, చేతులు గుండెల మీద పెట్టుకుని నిద్రపోతున్నాడు. దుప్పటి ముడత పడలేదు. పడీ పడీ నవ్వాను.

రెండో ఉదయం అదే. మూడోసారి నాకు నవ్వు రాలేదు, బావకి కోపం వచ్చింది.

"కోతి వేషాలు ఆపరా! ఇదేనా నువ్వు నేర్చుకుంది?"

"నిన్ను తిప్పాలంటే క్రేన్ కావాలి బావా, నా వల్ల అవుతుందా?"

కాఫీలో ఉప్పేసినవాడు, చెప్పుల్లో ఐసు ముక్కలు పెట్టినవాడు చెబితే ఎవరు నమ్ముతారు? సాయంత్రానికి నా బ్యాగు గుమ్మం బయటుంది. అక్క నా ముఖం చూడలేదు. ఒళ్ళు మండి, పోతూ పోతూ అన్నాను: "ఇవాళ నువ్వే తల పడమరకి పెట్టుకో బావా, తిప్పే శ్రమైనా తప్పుతుంది వాళ్ళకి."

ఆ రాత్రి హెర్న్‌డన్‌లో, మరో ముగ్గురు వంటవాళ్ళున్న గదిలో పడుకున్నాను. తెల్లారాక అక్క ఫోను.

బావ తలగడ మీద కాళ్ళు పెట్టుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని పోయాడు. సింహద్వారం బార్లా తెరిచి ఉంది. సూర్యుడు సరిగ్గా ముఖం మీద పడుతున్నాడు. తలుపుకి లోపల గడియ తానే పెట్టానని అక్క ఒట్టేసింది. డాక్టర్లు గుండెపోటన్నారు.

దహనమై తిరిగొస్తుంటే కారులో అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వే కదరా తిప్పింది? ఆ మూడు రోజులూ? ఆఖరి రాత్రీ దొంగతనంగా వచ్చావు కదా, ఆటకి?"

"అక్కా..."

"అవునను. కాదన్నావంటే ఆ ఇంట్లో నేనెలా పడుకోను రా?"

"అవును. నేనే" అన్నాను.

చెంప మీద కొట్టింది. మళ్ళీ నాతో మాట్లాడలేదు. ఆ ఇల్లు ఎవరూ కొనడం లేదు, అక్కడే ఉంటోంది. నిద్ర బాగానే పడుతోందని తెలిసినవాళ్ళు చెప్పారు.

లోపలి గడియ ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు. అక్కకి మాత్రం తెలుసు. అందుకే తాళం మార్పించింది, నేను రాకుండా.