రామక్క పేరున రాయి

తెల్లవాళ్ళంటే నాకు కోపం లేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది చదివి "నర్సమ్మకు ఆ విదేశీ పిల్లంటే పడదు" అనేవాళ్ళు తయారవుతారు. నా కోపమంతా వెంకటప్పయ్య మీద. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, అయినా నాకు తగ్గలేదు. పోయినవాళ్ళను తిట్టకూడదట! నేను తిడతాను. రామక్క సంగతి తెలిస్తే మీరూ తిడతారు.

మాది ముదిగొండ. ఏఎన్ఎం నర్సు ఉద్యోగం వచ్చి, భద్రాచలం అవతల అడవి అంచున ఒక సబ్‌సెంటర్‌లో పడ్డాను. పిల్లలకు టీకాలు వేయడానికి మొదటిసారి కోయగూడెం వెళితే ఆడవాళ్ళంతా పిల్లల్ని చంకనేసుకుని అడవిలోకి ఒకటే పరుగు. ఒక్క రామక్క మాత్రం గుమ్మంలో నిలబడింది. చంకలో ఏడాది పిల్ల, జోగి.

"ముందుగాల నువ్వు పొడుసుకో. నీకేం గాకుంటే అప్పుడు నా బిడ్డకు ఎయ్యి" అంది.

నాకు ఒళ్ళు మండింది. సంచిలోంచి కొత్త సూది తీసి నా చేతికే గుచ్చుకున్నాను. ఆవిడ పగలబడి నవ్వి, పారిపోయిన వాళ్ళందరినీ పేరుపేరునా తిట్టి వెనక్కి రప్పించింది. రామక్క నవ్వితే గూడెం అంతా వినపడేది. ఆ నవ్వు కోసమే ఆ గూడెం వంతు వచ్చినప్పుడు హుషారుగా వెళ్ళేదాన్ని.

రెండేళ్ళకు ఆమె మొగుడు లచ్చయ్య చలిజ్వరంతో పోయాడు. ఆ వెనకే ఎనభై ఆరులో గోదావరి వచ్చి గుడిసెను, గింజల గాదెను ఊడ్చుకుపోయింది. తల్లీబిడ్డలకు మిగిలింది ఒంటిమీద బట్ట, లచ్చయ్య అడవి కొట్టి చేసిన పోడు చెక్క. ఆ చెక్క మీద కూడా వరద ఇసుక మేటవేసింది.

వరద సాయానికని విదేశాల నుంచి కుర్రకారు దిగారు. జీతం లేకుండా వచ్చి, దిక్కులేని పిల్లలకు స్నానాలు చేయించి, పాటలు నేర్పి, కొన్నాళ్ళుండి పోయేవాళ్ళు. పుణ్యాత్ములే, కాదనను. కానీ వాళ్ళకు అనాథలు కావాలి. వెంకటప్పయ్యకు ఆ కిటుకు ఇట్టే అందింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి మిరప తోటలు వేసి బాగుపడ్డ మనిషి. గోదావరి ఇవతల, ఖమ్మం పోయే రోడ్డు పక్కన పొగాకు కాల్చే తన బేరన్‌కు సున్నం వేయించి, అనాథ బాలల ఆశ్రమమని బోర్డు కట్టాడు. బోర్డయితే కట్టాడు గానీ అనాథలు సరిపోలేదు. మా వైపు తండ్రి పోతే తల్లి, తల్లి పోతే మేనమామ పెంచుకుంటారు, దిక్కులేని పిల్లలు అంత తేలిగ్గా దొరకరు.

"చూడు రామక్కా, పిల్లకు మూడుపూటలా అన్నం, బట్ట, బడి. నీకు వంటపని. ఒక్కటే మాట. ఆ దొరసాన్లు వచ్చినప్పుడు నువ్వు దాని తల్లివి కాదు, ఆయావి. తల్లి ఉందంటే వాళ్ళు ఉంచనివ్వరు, తెలిసిందా?" అన్నాడట.

ఈ మాట రామక్కే నాకు చెప్పింది, నవ్వుతూనే. "పిలుపు ఏదైతే ఏంది నర్సమ్మా, పిల్ల తినేది నా చేతి ముద్దే గద!"

నా నోట్లో నువ్వుగింజ నానదని ఆమెకు తెలుసు. అందుకే బయటపెట్టనని బిడ్డమీద ఒట్టు వేయించుకుంది.

గజ్జి మందు పూయడానికి నేను ఆ ఆశ్రమానికీ వెళ్ళేదాన్ని. ఓ సాయంత్రం చూద్దును కదా, వెంకటప్పయ్య జీపు డ్రైవరు గంగయ్య పిల్లల్ని వరసగా నిలబెట్టి పాఠం చెబుతున్నాడు. పిల్లలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అవ్వంటే మా వైపు అమ్మే.

"మీ అవ్వ యాడుంది?"

"సచ్చిపోయింది."

"ఈమె ఎవరు?"

"ఆయమ్మ."

సరిగ్గా చెప్పిన పిల్ల అరచెయ్యి చాపితే బిస్కెట్టు, తప్పు చెబితే చింతబరికె. జోగి మొదట్లో బాగా దెబ్బలు తింది. రామక్క పొయ్యి దగ్గర కూర్చుని అవన్నీ వింది. నేను వెళ్ళి వెంకటప్పయ్యను కడిగేశాను. ఆయన నవ్వాడు.

"నర్సమ్మ గారూ, మీరు కాటా తెచ్చారుగా? పిల్లల్ని తూచి చూడండి. బరువు పెరిగారో లేదో మీరే చెప్పండి."

పెరిగారు. అదే దిక్కుమాలిన నిజం.

కొన్నాళ్ళు జోగి వంటింట్లోకి వచ్చి, ఎవరూ లేకుండా చూసి, "అవ్వా" అని చెవిలో అనేదట. ఆ తర్వాత వంటింట్లో కూడా "ఆయమ్మా" అనడం మొదలైంది. ఓసారి నా ఎదుటే అంది.

"మర్సిపోయింది సూడు, దొంగముండ!" అని నవ్వి, రామక్క పొయ్యి ఊదడానికి వంగింది. పొయ్యి బాగానే మండుతోంది.

తర్వాత తనే అంది. "అయిదో తరగతి అయిపోనీ. తీస్కొని గూడెం పోత. ఇసుక ఎత్తిపోసి లచ్చయ్య పోడు మల్ల దున్నుకుంట. మనోళ్ళ నడుమ తిరిగితే అవ్వ అనక ఏమంటది?" ఎప్పుడు కలిసినా ఇదే మాట. దాని కోసమే ఆ పొగలో పడి ఉంది. పెరట్లో కుడితి నీళ్ళతో బంతి మొక్కలు పెంచి, రోజూ జోగి జడలో ఒక పువ్వు పెట్టేది.

మూడేళ్ళు గడిచాక హాలెండ్ నుంచి అన్నెకే అనే అమ్మాయి వచ్చింది. పిల్లలు అన్నెక్క అన్నారు. మొహమంతా గోధుమరంగు చుక్కలు, నడుస్తుంటే తాటిచెట్టంత పొడవు. గజ్జి పుళ్ళను తన చేత్తోనే కడిగేది. నాకే సిగ్గేసింది. నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకుని మాట్లాడేది. జోగి అంటే ఆమెకు ప్రాణం. వాళ్ళ దేశంలో తల్లి సమాధి మీద పూలు పెడతారట. జోగి వాళ్ళమ్మ సమాధి ఎక్కడుందో చూపించండి, బిడ్డచేత పూలు పెట్టిస్తాను, ఫోటో తీసి మా ఊరికి పంపితే ఇంకా సాయం చేస్తారు అని వెంకటప్పయ్యను అడిగింది.

"ఓ, దానికేం, భేషుగ్గా ఉంది. చూపిస్తాం" అన్నాడాయన.

గూడెంలో మనిషి పోతే ఆవును కోసి, చుట్టాలందరూ తిని, పాడి, ఏడ్చి, పొలిమేరలో ఒక రాయి నిలబెట్టి ఆ ఆవు తోకను దానికి కడతారు. అంతటితో ఆ మనిషి పాత పెద్దల్లో కలిసినట్టు. ఆ రాయి వాళ్ళకు గుర్తు కాదు, సాక్షాత్తూ ఆ మనిషే. వెంకటప్పయ్యకు ఇదేమీ పట్టలేదు. రాయే కదా, పాతితే పోలా అనుకున్నాడు. కానీ ఉత్తినే పాతమంటే గూడెం పెద్ద ముసలయ్య ఒప్పుకోడని గంగయ్య చెప్పాడు. అయితే చచ్చిపోయిందనే చెప్పు అన్నాడు వెంకటప్పయ్య. గంగయ్య ఓ ఆవును తోలుకుపోయి, ఖమ్మం పెద్ద దవాఖానాలో జ్వరంతో రామక్క పోయింది, అక్కడే కాల్చేశారు అని చెప్పి వచ్చాడు. వంటపనికి సెలవు లేక రామక్క గూడెం మొహం చూసి చాలా కాలమైంది. నమ్మారు. నమ్మరూ మరి! నిజంగా ఏడ్చారు, నిజంగా రాయి నిలబెట్టారు.

ఆ రోజు నేను మలేరియా మాత్రలు పంచడానికి గూడెంలో ఉన్నాను. పొలిమేరలో కొత్త రాయి చూసి ఎవరిదని అడిగాను.

"మన రామక్కది నర్సమ్మా. మంచి మనిషి, పాయె" అన్నాడు ముసలయ్య. కళ్ళు తుడుచుకున్నాడు.

"నీకేమైనా మతిపోయిందా? మొన్ననే నా చేతిలో సల్ల పోసింది!"

ముసలయ్య మొహం పాలిపోయింది. ఆయన నోరు తెరిచేలోగా జీపు హారన్ మోగింది. వెంకటప్పయ్య ఖమ్మం యార్డులో మిరపకాయల బేరంలో ఉన్నాడు. గంగయ్య ఒక్కడే అన్నెకేను, జోగిని తీసుకురావాలి. కానీ దారిలో పిల్లకు వాంతులవుతాయి, చూసుకోవడానికి ఆయా ఉండాలని అన్నెకే పట్టుబట్టి రామక్కను ఎక్కించుకుంది. గంగయ్య ఏం చెప్పగలడు? రామక్కకు ఎక్కడికెళ్తున్నారో దారిలో తెలిసింది గానీ, ఎందుకో తెలియదు. ఒళ్ళో బుట్ట, బుట్ట నిండా అన్నెకే అడిగితే తను పొద్దున కోసిన బంతిపూలు.

జీపు ఆగకముందే దూకింది. "ముసలయ్య మామా! ఎట్లున్నవే?" అని అరుస్తూ, నవ్వుతూ వచ్చింది.

ఆడవాళ్ళు పిల్లల కళ్ళు మూసి కెవ్వుమన్నారు. ఒకామె పొయ్యిలో బూడిద దోసిట పట్టి తెచ్చి రామక్క మీద చల్లింది. ఆమె రామక్క సొంత ఆడబిడ్డ.

"ఏందే, నేనే! ఏమైంది మీకు?"

"నీకు పెట్టినం, నీకు ఏడ్సినం. నీ దారిన నువ్వు పో తల్లీ, మా పిల్లల మీదికి రాకు" అన్నాడు ముసలయ్య. చెయ్యి ఎత్తి రాయి చూపించాడు. రాతికి ఎండిన తోక వేలాడుతోంది.

రామక్క రాయిని చూసింది, గంగయ్యను చూసింది. అర్థమైపోయింది. నేను గట్టిగా అరిచాను, బతికున్న మనిషిని చంపేస్తారా అని ముసలయ్య చొక్కా పట్టుకున్నంత పని చేశాను. పాపం, ఆయన చెడ్డవాడు కాదు.

"ఒకటే తోవ ఉంది. కడుపున పుట్టినోళ్ళు రాతి కాడ నిలబడి అవ్వా అని పిలవాలె. పిలిస్తే రాయి పీకి గోదాట్ల ఏస్తం, కాళ్ళు కడిగి ఇంట్లకు తీస్కపోతం. పిలవకుంటే ఆమె సచ్చినదే."

రామక్క ముఖం విప్పారింది. "గింతేనా! జోగీ, రావే. నన్ను పిల్వు బిడ్డా. ఒక్కసారి పిల్వు."

ముసలయ్య జోగిని రాతి పక్కన నిలబెట్టి అడిగాడు. "మీ అవ్వ యాడుంది బిడ్డా?"

అయ్యో, ఆ ముసలాయన కూడా అదే ప్రశ్న అడగాలా! జోగి గంగయ్య వైపు చూసింది, అన్నెకే వైపు చూసింది. చేతులు కట్టుకుంది.

"సచ్చిపోయింది."

"మరి ఈమె ఎవరు?"

"ఆయమ్మ."

అని, అలవాటుగా గంగయ్య ముందుకు అరచెయ్యి చాపింది. వాడు తల వంచుకున్నాడు. పిల్ల చెయ్యి అలాగే ఉంది. సరిగ్గానే చెప్పాను కదా, బిస్కెట్టు ఎందుకివ్వడం లేదని అయోమయంగా చూస్తోంది.

అన్నెకేకు మొదటి జవాబు ఒక్కటే అర్థమైంది. ఏడుస్తూ జోగిని గుండెకు హత్తుకుంది. నాకు ఇక ఒట్టూ గిట్టూ గుర్తులేవు. వచ్చీరాని ఇంగ్లీషులో అరిచాను, ఇదిగో ఈమే తల్లి, తల్లి ఈమే అని. అన్నెకే తెల్లబోయి రామక్క దగ్గరకు వచ్చింది. రెండు భుజాలూ పట్టుకుని అడిగింది.

"రామక్కా, నిజం చెప్పు. నువ్వు జోగి అమ్మ?"

రామక్క తలనిండా బూడిద. గూడెం ఆడవాళ్ళు అప్పటికే తలుపులు వేసేసుకున్నారు. అవునంటే ఆశ్రమంలోంచి కూడా ఇద్దరినీ బయటకు గెంటుతారు, ఇక్కడేమో ఆమెకు ఇల్లు లేదు, నిప్పు లేదు, మనిషనే లెక్కే లేదు. చచ్చినదాని చెయ్యి పట్టుకుని ఆ పిల్ల ఎక్కడికి పోతుంది? ఇదంతా నాకు తర్వాత తట్టింది. ఆమెకు ఆ క్షణంలోనే తట్టింది.

"కాదమ్మా. నేను ఆయాను. నర్సమ్మకు ఎండ తగిలింది" అంది.

బుట్ట తెచ్చి జోగి చేతికి అందించింది. జోగి రాతి మీద బంతిపూలు పెట్టింది. అన్నెకే ఫోటో తీసింది. మధ్యాహ్నం జీపు నీడలో అందరికీ పులిహోర వడ్డించింది రామక్కే. నేను ఆకు పక్కన పెట్టేశాను. "తిను నర్సమ్మా" అని కసిరింది. ఆ రోజు తర్వాత ఆమె నవ్వు నేను వినలేదు.

అన్నెకే తన గడువయ్యాక వెళ్ళిపోయింది. ఫోటో చూసి వాళ్ళ ఊరివాళ్ళు మనసు కరిగి జోగి చదువు మొత్తం తామే చూస్తామన్నారు. ఏడాదికోసారి ఆ రాతి దగ్గర ఫోటో తీసి పంపడం ఆనవాయితీ అయింది. అయిదో తరగతి అయిపోయింది, జోగిని ఖమ్మంలో పెద్ద బడికి పంపారు. రామక్క గూడెం మాట మళ్ళీ ఎత్తలేదు. ఏటా ఆ రోజుకని బంతి నాటేది. జీపులో వెళ్ళి, దిగకుండా దూరం నుంచే చూసేది.

చివరిసారి నేనూ ఆ జీపులో ఉన్నాను. జోగి ఎదిగింది, రెండు జడలు, ఇస్త్రీ లంగా. నిజంగానే మరిచిపోయిందో, మరిచిపోయినట్టు ఉండటం అలవాటైందో ఇప్పటికీ నాకు తెలియదు. జీపు ఆగాక పూలబుట్ట అందుకుంటూ అడిగింది.

"ఆయమ్మా, మా అవ్వను నువ్వు జూసినవా?"

"జూసిన బిడ్డా."

"ఎట్లుండేది?"

రామక్క పిల్ల జడ సర్దింది.

"మస్తు నవ్వేది" అంది. "జల్దీ పో బిడ్డా, పూలు వాడిపోతయ్."