చింతపండుతో తోమిన యాంటెనా

నా చిన్నప్పుడు తిరుపతి స్వామికి మొక్కే పెరటాసి నెల వచ్చిందంటే వడమాలపేటలోని మా ఇంట్లో తోమకుండా వదిలిన వస్తువంటూ ఉండేది కాదు. ఒక ఏడు మా అమ్మ మిద్దె మీది టీవీ యాంటెనాను కూడా దించి, కడ్డీలన్నీ ఊడదీసి, దీపపు కుందులతో పాటు చింతపండు వేసి తోమింది. తళతళా మెరిశాయి. ఏది ఎక్కడిదో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఆ సాయంత్రమే కొండ మీద గరుడసేవ. మా అవ్వ ఏటా నడిచి కొండెక్కే మనిషి. ఆ ఏడు తుంటి విరిగి మంచాన పడింది. టీవీలోనైనా స్వామిని చూడాలని పొద్దుటి నుంచి ఒక్కపొద్దు ఉంది.

అమ్మా నేనూ కడ్డీలు బిగించాం. పొడుగుది నడుమ, పొట్టివి అటూ ఇటూ. చూడటానికి ముచ్చటగానే ఉంది. అమ్మ కిందికి దిగి చూస్తే టీవీలో మాత్రం చుక్కలు తప్ప ఏమీ లేవు.

"ఏం మే, స్వామి కనపడతాండాడా?" అని అవ్వ కేక వేసింది.

"అంతా వానగా ఉండాదత్తా."

"వానైతే ఆయనకు గొడుగు పడతార్లే. నువ్వు సరింగా పెట్టు!"

తిరుపతిలో పాలిటెక్నిక్ చదివే పక్కింటి అక్క ఆ కేకలు విని మిద్దెక్కింది. యాంటెనాను చూసి నవ్వింది గానీ ముట్టుకోలేదు. నా వైపు తిరిగింది.

"బళ్లో ఫోటో తీసేటప్పుడు నువ్వు యాడ నిలబడతావు పాపా?"

"ముందర," అన్నాను తల దించుకుని. తరగతిలో నేనే పొట్టి. ఆ ముందు చోటంటే నాకు ఏడుపొచ్చేది.

"పొడుగు పిల్లోళ్లు?"

"ఎనకాల."

"టీవీకి బొమ్మ వచ్చేది ఆ కొండ మింద టవర్ నుంచే. ఫోటో తీసేటాయన ఆడ ఉండాడనుకో. ఇంగ నువ్వే నిలబెట్టు."

పొడుగు కడ్డీని చివర పెట్టాను. దాని ముందు టీవీ తీగ తగిలించే మడత కడ్డీ. ఆపైన ఒకదానికన్నా ఒకటి పొట్టివి. అన్నిటికన్నా చిన్నది కొసన, కొండకేసి. వెనక ఉన్న పొడుగు కడ్డీ జారిపోయే సిగ్నల్‌ను ఆపి మడత కడ్డీకి తోస్తుందని అక్క చెప్పింది. "దారి సూపించేది ముందరుండే పొట్టోళ్లే," అంది.

కింద అవ్వ "గోవిందా" అన్నది వినబడింది. గాలికి యాంటెనా నిలబెట్టిన గొట్టం తిరిగిపోతుంటే నేను పట్టుకుని నిలబడ్డాను. ఆ ఏడు గరుడసేవను నేను అవ్వ గొంతులోనే విన్నాను.

ఇప్పుడు మా మిద్దె మీద యాంటెనా లేదు. నలుగురిలో నాకు ఇప్పటికీ మాట పెగలదు. అయినా ఎక్కడైనా అందరినీ ఫోటోకు పిలిస్తే, ఎవరూ చెప్పకముందే వెళ్లి ముందు నిలబడతాను.