పిన్ని గాజుల కోసం ఓడెక్కినవాళ్ళు

సరదాగా దీవులు చూసొద్దాం రండని మా పెదనాన్న పిలిస్తే వెర్రిమొహం వేసుకుని వెళ్ళాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆయన మా పిన్నికి బావగారు. రాజయ్యపేటలో ఆయనకీ, ఆయన తమ్ముడైన మా చిన్నాన్నకీ కలిపి ఒకటే పడవ. కొన్నేళ్ళ క్రితం గాలివానకి అది కొట్టుకుపోయింది. అందులో వేటకెళ్ళిన చిన్నాన్న తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. శవం కళ్ళబడనిదే మా ఇళ్ళలో ఆడదాని గాజులు తీయరు. అందుకే పిన్ని ఇప్పటికీ నిండుగా గాజులు వేసుకుంటుంది, రూపాయంత బొట్టు పెట్టుకుంటుంది, చేపలు అనకాపల్లి తెచ్చి అమ్ముకుంటుంది. ఎవరికేం నష్టం?

నష్టం పెదనాన్నకొచ్చింది. కూతురికి పెళ్ళి కుదిరింది. పేరంటంలో ఈవిడకి పసుపూ కుంకుమా ఇవ్వాలా వద్దా అని మగపెళ్ళివారు అడిగారట.

ఆ సంగతి నాకూ, పిన్నికీ చెప్పలేదు మహానుభావుడు. చుట్టాలందరినీ పోగేసి విశాఖలో ఓడెక్కించాడు. అండమాన్‌లో దిగాక లాంచీలో ఇంకో చిన్న దీవికి తీసుకెళ్ళాడు. ఒకప్పుడు తెరచాప ఓడలు మంచినీళ్ళ కోసం అక్కడ ఆగేవట. ఒడ్డున తుప్పుపట్టిన లంగర్లు చూపించి గైడు కథలు చెబుతుంటే పిన్ని నోరు తెరుచుకుని వింది. ఆ యాత్ర పొడుగునా చిన్నపిల్లలా నవ్వుతూనే ఉంది పాపం.

గైడు అటు వెళ్ళగానే పెదనాన్న గొంతు సవరించుకున్నాడు.

"మన పడవ సెక్కలు ఈ ఒడ్డుకే కొట్టుకొచ్చేయని సెప్పుకున్నారమ్మా. ఇక్కడైతే పాపం అంటదు. ఆ గాజులు తీసీ. పెళ్ళికి ముందే అయిపోవాల."

ఆయన భార్య, మా పెద్దమ్మ, సంచిలోంచి తెల్లచీర తీసింది. ముందే కొని మోసుకొచ్చారు! మాతోపాటే పులిహోర తింటూ, ఫోటోలు దిగుతూ!

"సిగ్గుందేటి మీకు?" అని అరిచాను. "ఊళ్ళో అయితే నలుగురూ గడ్డి పెడతారని సముద్రం దాటించి తెచ్చేరా?"

మిగతా చుట్టాల్లో కొందరికి ముందే తెలుసని వాళ్ళ మొహాలు చూస్తే అర్థమైంది.

పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది. బావగారి ఎదుట ఎన్నడూ తలెత్తని మనిషి, ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఆ రోజు ఏటకెళ్ళే వంతు నీది బావా. జొరమొచ్చిందని నువ్వు తొంగుంటే నీ బదులు ఆయనెల్లేడు. ఇన్నేళ్ళూ ఆ మాట నేను అన్లేదు. ఇప్పుడు నువ్వే సెప్పు, తియ్యాల్సింది ఎవరి గాజులు?"

పెద్దమ్మ తెల్లచీర ఇసకలో వదిలేసి, తన రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది.