అవ్వను కార్లో వదిలి పరుగెత్తిన రోజు

ఇప్పుడంటే ఆదోని సందుల్లో కూడా కరెంటు బండ్లు చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చి మనల్ని ఉలిక్కిపడేలా చేస్తున్నాయి గాని, నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో వాటిని జనం నాలుగడుగుల దూరంలో నిలబడి చూసేవాళ్ళు. ఆ భయం పోగొట్టడమే నా పని. కరెంటు స్కూటర్లు అమ్మే అంగడిలో సేల్స్‌మన్‌ని. "ఇందులో కాలేది లేదన్నా, పేలేది లేదన్నా" అని పొద్దుటినుంచి వచ్చినవాళ్ళందరికీ చెప్పి, ఇంటికి పోయి అన్నం తింటూ ఫోన్లో బ్యాటరీలు తగలబడే వీడియోలు చూసేవాణ్ణి. (ఈ రెండు పనులూ ఒకే మనిషి చేస్తున్నాడన్న సంగతి నాకప్పుడు వింతగా తోచలేదు.)

ఆ వేసవిలో మా అవ్వకు, అంటే మా నాయన తల్లికి, ఎమ్మిగనూరులో కంటి పొర తీశారు. ఆపరేషన్ అయిన మధ్యాహ్నమే ఇంటికి తీసుకుపొమ్మన్నారు. బెంగళూరులో ఉండే మా చిన్నాన్న తన కరెంటు కారును రెండు నెలలుగా మా ఇంటి ముందే వదిలిపెట్టి ఉన్నాడు. "కరెంటు బండ్ల సంగతి వీనికి బాగా తెలుసు" అని ఇంట్లో అందరూ నన్నే పంపారు. నేనూ కాదనలేదు. తిరుగు ప్రయాణంలో అవ్వను వెనక సీట్లో కూర్చోబెట్టాను. ఒక కంటికి కట్టు. పొర తీయని రెండో కంటికి అంతా మసక. ఊరు దాటినప్పటినుంచీ కారు ఎవరో వెనక పట్టుకుని లాగుతున్నట్టు బరువుగా నడుస్తోంది. చార్జింగ్ చూస్తుండగానే తగ్గిపోతోంది. "ఏమిరా, ఎద్దులబండి మాదిరి పోతాండాది?" అంది అవ్వ. "ఎదురుగాలి అవ్వా" అన్నాను నిపుణుడిలాగా. బయట ఆకు కదలడం లేదు.

పెద్దకడుబూరుకు పోయే దారి దాటిన కాసేపటికి ఏదో మాడిన వాసన. అద్దంలో చూస్తే వెనక ఎడమవైపునుంచి తెల్లగా పొగ. నేను చూసిన వీడియోలన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. కారు పక్కకు ఆపడం గుర్తుంది, తలుపు తీయడం గుర్తుంది. ఆ తర్వాత తెలివి వచ్చేసరికి నేను దూరంగా ఒక మోరీ పక్కన కూర్చుని, మా అంగడి మెకానిక్‌కు ఫోన్ చేస్తున్నాను. ఆయన్ని మేమంతా స్పానర్ భాయ్ అంటాం, కార్ల పనీ తెలుసు. అవ్వను తేవడానికి పోతున్నానని ఆయనకు పొద్దున్నే చెప్పి ఉన్నాను.

"భాయ్, కారు కాలిపోతాండాది! బ్యాటరీ పేలతాది!"

"మంట కనపడతాందా, పొగేనా?"

"పొగ. ఎనక చక్రం కాడ."

"అవ్వ యాడుంది?"

నేను తల తిప్పి కారువైపు చూశాను.

"ఒరేయ్, అవ్వ యాడుందిరా?"

"కార్లో."

అటునుంచి వచ్చిన ఉర్దూ తిట్టు నాకు సగమే అర్థమైంది. ఆ సగం చాలింది. వెనక్కి పరుగెత్తాను. పోయేటప్పుడు ఎట్లా పోయానో తెలియదు గాని, వచ్చేటప్పుడు ప్రతి అడుగూ తెలిసింది. ఈ అడుగు పడేలోపే పేలుతుందేమో, ఇంటికి పోయి నాయనకు ఏమని చెప్పాలి, అసలు ఇంటికి పోతానా?

అవ్వ ఒళ్ళో మందుల సంచి పెట్టుకుని కదలకుండా కూర్చుని ఉంది. "ఎవురో రబ్బరు కాలుస్తాండారు నాయనా. తలుపెయ్యి, పొగ కంట్లో పడతాది."

"మన కారే అవ్వా! దిగు, దిగు!"

"మరి ఇంతసేపు యాడికి పోయినావు?"

ఆమెను రెండు చేతులా ఎత్తుకుని తుమ్మచెట్టు నీడకు చేర్చాను. అప్పటికే మిరప చేలో పనిచేసే ఆడవాళ్ళు నలుగురు పరుగున వచ్చారు. ఒకామె "నీళ్ళు పోస్తా ఉండు" అంటూ బిందె ఎత్తి చక్రం మీద పోయబోయింది. కట్ చేయకుండా జేబులో వేసుకున్న ఫోన్లోంచి భాయ్ అరుపు: "నీళ్ళొద్దక్కా! కాలిన డిస్కు పగులుతాది!" ఆమె బెదిరి నా మొహం చూసింది. నేనూ బెదిరే ఉన్నాను.

"యాడా ముట్టుకోవద్దు. చెయ్యి జానెడు దూరంలో పెట్టి నాలుగు చక్రాలూ చూడు" అన్నాడు భాయ్. మూడు మామూలుగా ఉన్నాయి. నాలుగోది దోసె పెనం మాదిరి సెగలు కక్కుతోంది.

"ఒక్క చక్రమేనా? అయితే బ్యాటరీ కాదురా, బ్రేకు పట్టుకున్నాది. దూరంగా కూర్చోండి, నేను వస్తాండా."

భాయ్ మోటారుసైకిల్ మీద జాకీ, ఆ కారుకు సరిపోయే కొత్త బ్రేకు ప్యాడ్లు కొనుక్కుని వచ్చేసరికి పొగ ఆగిపోయింది. చక్రం బాగా చల్లారేదాకా కారును ముట్టుకోనివ్వలేదు. జాకీ ఎత్తి చక్రం తిప్పమంటే కదల్లేదు. విప్పి చూస్తే, ప్యాడ్లను చక్రంతోపాటు తిరిగే డిస్కుకు నొక్కి వదిలే భాగం జరగడానికి రెండు పిన్నులుంటాయి, వాటిలో ఒకటి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. "ఈ బండ్లలో ఎక్సలేటరు మీంచి కాలు తీస్తే మోటారే ఆపేస్తాది. బ్రేకుకు పనే ఉండదు. అందులోనా రెండు నెలలు కదలకపాయె. పట్టింది మల్లా వదల్లేదు" అన్నాడు. ఒక ప్యాడు ఓరగా అరిగి నల్లగా మాడిపోయింది. పిన్నులు నా చేతికే ఇచ్చి గరుకు కాగితంతో రుద్దించాడు. వాటికి గ్రీజు పూసి, రెండు వెనక చక్రాలకూ కొత్త ప్యాడ్లు వేశాడు. చక్రం చేత్తో తిప్పితే హాయిగా తిరిగింది. బ్రేకు నాలుగైదుసార్లు తొక్కి చూసుకుని, తనే కారు నడిపి అవ్వను ఆదోని చేర్చాడు. నేను ఆయన మోటారుసైకిల్ మీద వెనకే వచ్చాను. (కార్లో ఎక్కమన్నారు, ఎక్కలేదు.) మర్నాడు అంగడిలో భాయ్ బ్రేకు ఆయిల్ కూడా మార్చాడు.

ఇంట్లో అవ్వ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది: "పొగలో వచ్చి, నన్ను పసిబిడ్డ మాదిరి ఎత్తుకున్నాడప్పా!" మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను నేలను చూస్తూ నిలబడ్డాను. ఆ సాయంత్రం మాత్రలు ఇస్తుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అంది: "నువ్వు పోయింది సెప్పలేదులే. వచ్చిందే సెప్పినా."

అవ్వ ఇప్పుడు లేదు. మా ఇంట్లో మాత్రం ఆ కథ ఇప్పటికీ ఆమె చెప్పినట్టే చెప్పుకుంటారు. నేను పక్కనే కూర్చుని, ఎవరో ధైర్యవంతుడి సంగతి వింటున్నట్టు తల ఊపుతాను. తనకంటే ముందు తన కాళ్ళు పరుగెత్తిన ఆ కుర్రసేల్స్‌మన్ మీద, ఈ మధ్య నాకు కోపం కూడా రావడం లేదు.